కొత్త రేడియేటర్‌కు ఈ ఎక్స్‌ట్రా గొట్టాలేంది?

ప్రశ్న: మాది హనుమకొండ. 2014 మోడల్ పెట్రోల్ కారు, ఐదు గేర్ల మాన్యువల్. రేడియేటర్ పై ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే మా మెకానిక్ హైదరాబాద్ రాణిగంజ్ నుంచి కొత్తది తెప్పించిండు. కంపెనీది కాదు, బయటి తయారీ. డబ్బా ఇప్పి పాతదాని పక్కన పెట్టి చూస్తే చాలా తేడాలున్నయి. కింది ట్యాంకుకు రెండు ఇనుప నిపిల్స్, వాటికి నల్ల రబ్బరు టోపీలు. వాటికి కొంచెం అవతల మర ఉన్న రంధ్రం, దాంట్లో పసుపు ప్లాస్టిక్ బిరడా. పై ట్యాంకుకు కొస మూసుకుపోయిన సన్న గొట్టం ఒకటి. కింద మూలకు చేత్తో తిప్పే ప్లాస్టిక్ మర. పాతదాని కోర్ (నడుమ జాలీ భాగం) మందం 16 మి.మీ., దీనిది 26. మూత మీద పాతదానికి 1.1 అని ఉంటే దీనికి 0.9 అని ఉన్నది. మెకానిక్ "ఏం కాదు సార్, ఆ రెండు నిపిల్స్‌కు ఒక పైపు ముక్క కలిపేస్త" అంటున్నడు. పాతదాని చుట్టూ నల్ల నురుగు పట్టీలుండేవి, చినిగినయని పారేసిండు. బిగించాల్నా, వాపసు చెయ్యాల్నా? వారం లోపు మారుస్తమన్నరు.

సమాధానం: మీరు అడిగిన వాటిలో ఎక్కువ భాగం భయపడాల్సినవి కావు. రెండు మాత్రం బిగించకముందే సరిచేయాలి. అసలు సంగతేమో మీరు చివర్లో మాటవరసకు రాసిన నురుగు పట్టీల్లో ఉంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

బయటి తయారీవాళ్లకు ప్లాస్టిక్ ట్యాంకు అచ్చు చేయించడమే పెద్ద ఖర్చు. మాన్యువల్ కారుకు ఒకటి, ఆటోమేటిక్‌కు ఒకటి, పాత ఇంజన్‌కు ఇంకొకటి అని వేర్వేరుగా చేయిస్తే గిట్టుబాటు కాదు. అందుకే ఒకే అచ్చులో అందరికీ కావలసినవన్నీ పెట్టేసి, ఎవరికి ఏది అక్కర్లేదో దాన్ని మూసి అమ్ముతారు. మీ రేడియేటర్‌కు ఉన్న వింతలు సగానికి పైగా పక్కింటి కార్ల అవసరాలే.

ఆ రెండు ఇనుప నిపిల్స్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే గొట్టానివి. కింది ట్యాంకు లోపల, కూలెంట్‌లో మునిగి ఒక చిన్న ఆయిల్ కూలర్ ఉంటుంది. గేర్‌బాక్స్ నుంచి వేడి నూనె ఒక నిపిల్‌లో వచ్చి, ఆ కూలర్‌లో తిరిగి, రెండో నిపిల్‌లో వెళ్లిపోతుంది. నూనె, కూలెంట్ ఎక్కడా కలవవు, మధ్యలో లోహపు గోడ ఉంటుంది. మీది మాన్యువల్ కాబట్టి ఆ గొట్టం ఖాళీగా పడి ఉంటుంది. కోర్‌లో చోటు తినదు కనుక చల్లదనం తగ్గదు. రెండింటికీ పైపు ముక్క కలిపినా కలపకపోయినా ఒకటే. కలిపితే దుమ్ము చేరదు, అంతే. మట్టిగూళ్లు కట్టే కందిరీగలకు ఇలాంటి రంధ్రాలంటే మహా ఇష్టం, కాబట్టి టోపీలైనా ఉండనివ్వండి.

అయితే ఆ రబ్బరు టోపీలు దుమ్ము ఆపడానికే, లీకేజీ ఆపడానికి కాదు. లోపలి కూలర్‌కు పగులుంటే కూలెంట్ ఈ నిపిల్స్ గుండానే బయటికి వస్తుంది. ఇంజన్ వేడెక్కినప్పుడు ఒత్తిడికి టోపీ ఎగిరిపోయి, లోపలున్న కూలెంటంతా రోడ్డు మీదే ఖాళీ అవుతుంది. అందుకని బిగించకముందే చిన్న పరీక్ష చేయండి. టోపీలు తీసి ఒక నిపిల్‌లో నోటితో ఊదండి, గాలి రెండో దాంట్లోంచి రావాలి. ఇప్పుడు రెండోదాన్ని వేలితో మూసి మళ్లీ ఊదండి, గాలి అస్సలు పోకూడదు. పోతున్నదంటే లోపల గొట్టం ట్యాంకులోకి తెరుచుకున్నట్టే, అది వాపసు సరుకు.

ఇంకో మాట. నిపిల్ మొదట్లో, ట్యాంకుకు ఆనుకుని ఒక పెద్ద నట్టు కనిపిస్తుంది. టైట్‌గా ఉందో లేదో చూద్దామని దానికి స్పానర్ వేయనివ్వకండి. కూలర్‌ను లోపల పట్టి ఉంచేది ఆ నట్టే, దాని వెనక రబ్బరు రింగు ఉంటుంది. తిప్పితే రింగు మెలిపడి అక్కడే చెమ్మ మొదలవుతుంది. ఎం-సీల్ పూసి మూయడం కూడా వద్దు. పూత కింద లీకు మొదలైతే ఎక్కడి నుంచి వస్తోందో కనిపించదు.

ఇది చదివే ఆటోమేటిక్ కార్లవాళ్లు తిరగేసి అర్థం చేసుకోవాలి. ఆటోమేటిక్ రేడియేటర్ మాన్యువల్‌కు పనికొస్తుంది కానీ, కూలర్ లేని మాన్యువల్ రేడియేటర్ తెచ్చి ఆటోమేటిక్‌కు పెట్టి నూనె పైపులను ఒకదానికొకటి కలిపేస్తే గేర్‌బాక్స్ మాడిపోతుంది. ఏఎంటీ అని అమ్మే బండ్లకు ఈ గొడవ లేదు, అవి లోపల మాన్యువల్ గేర్‌బాక్సులే.

ఇక పసుపు బిరడా. మీ ప్రశ్నల్లో నిజంగా ప్రమాదమున్నది ఇదే. పాత తరం కార్లలో రేడియేటర్ ఫ్యాన్‌ను తిప్పడానికి ఒక థర్మో స్విచ్‌ను రేడియేటర్ ట్యాంకులోనే బిగించేవారు. నీళ్లు ఒక వేడికి రాగానే అది ఫ్యాన్‌కు కరెంట్ ఇచ్చేది. ఆ మర దానిదే. మీ కారులో ఇంజన్ మీదున్న సెన్సర్‌ను ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) చదివి, రిలే ద్వారా ఫ్యాన్ వేస్తుంది కాబట్టి ఆ రంధ్రం అక్కర్లేదు. కానీ అది ఊరికే గుర్తుగా ఉన్న గుంటా, లేక ట్యాంకులోకి ఆరుపారు ఉన్న రంధ్రమా? బిరడా తీసి టార్చి వేసి చూడండి, లేదా సన్న తీగ పెట్టి చూడండి. అడుగు తగిలితే గుంటే, వదిలేయండి. తీగ లోపలికి పోతే మాత్రం ఆ పసుపు ప్లాస్టిక్ ముక్క రవాణాలో దుమ్ము పోకుండా పెట్టింది తప్ప బిరడా కాదు. పోసిన రోజు చల్ల నీళ్లకు ఒక్క చుక్క కారకపోవచ్చు. ఇంజన్ వేడెక్కి లోపల 1 బార్ ఒత్తిడి చేరగానే తుపాకీ గుండులా ఎగిరిపోతుంది.

దాని స్థానంలో లోహపు ప్లగ్, దానికి వాషరో ఓ రింగో ఉండాలి. అమ్మినవాణ్నే అడగండి. డబ్బా అడుగున చిన్న కవర్లో వేసి పంపడం కూడా మామూలే, అట్టలు పారేసే ముందు దులిపి చూడండి. లేకపోతే రేడియేటర్‌ను పట్టుకుని ఆటోనగర్‌కు వెళ్లి మరకు సరిపోయే ప్లగ్ తెచ్చుకోండి. ఈ స్విచ్‌లకు 22 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. పిచ్ మర ఎక్కువగా వాడతారు కానీ, వేరే కొలతలూ ఉన్నాయి కాబట్టి కొలత చెప్పి కాదు, పెట్టి చూసి కొనండి. చేత్తో చివరిదాకా సులువుగా ఎక్కాలి, మధ్యలో పట్టేస్తే ఆ మర కాదు. ఎక్కాక స్పానర్‌తో పావు చుట్టు చాలు. తెల్ల టేపు చుట్టలు చుట్టలుగా చుట్టి బలవంతంగా ఎక్కిస్తే ప్లాస్టిక్ ట్యాంకు చీలుతుంది.

పై ట్యాంకుకున్న కొస మూసిన సన్న గొట్టం గాలి బయటికి పోయే దారి. కొన్ని కార్లలో అక్కడి నుంచి ఎక్స్‌పాన్షన్ ట్యాంకుకు సన్న పైపు వెళ్తుంది. అవసరమున్నవాళ్లు కొస కోసుకుంటారు, మీరు కోయకండి. బిగించాక అది ఏసీ పైపుకో బానెట్ తాళానికో తగలకుండా ఉందా అన్నది మాత్రం చూడండి. తగిలి విరిగితే ట్యాంకుకు బొక్కే. మూతి మెడకు పక్కనున్న సన్న గొట్టంతో దీన్ని పొరబడొద్దు. అది నీళ్ల సీసాకు వెళ్లే పైపుది, దానికి రంధ్రం కచ్చితంగా తెరిచి ఉండాలి. మూత తీసి అందులో ఊది చూసుకోండి.

చేత్తో తిప్పే ప్లాస్టిక్ మర కూలెంట్ దించేది. పాతదానికి లేనిది దీనికుండటం మీకు లాభమే, ఇకపై కింది హోస్ పీకాల్సిన పని లేదు. చేత్తో బిగిసినంత చాలు, పకార్ పెట్టొద్దు.

మందం సంగతి కొంచెం ఆగి చూడాల్సిందే. 16 బదులు 26 మి.మీ. కోర్ ఉంటే చల్లదనం అంత లెక్కన పెరగదు. మందమైన కోర్ గుండా గాలి లాగడం అదే ఫ్యాన్‌కు కష్టమవుతుంది. హైవే మీద తేడా పెద్దగా తెలియకపోవచ్చు, హనుమకొండ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఫ్యాన్ మోటారు సత్తువే లెక్క. కొలతలు కుదిరితే మందం వల్ల నష్టమూ లేదు. కుదరాలి, అదే చిక్కు. రేడియేటర్ 10 మి.మీ. లావైతే ఫ్యాన్ అంత వెనక్కి, ఇంజన్ వైపుకు జరుగుతుంది. ఫ్యాన్ మోటారు వెనక భాగానికీ ఇంజన్ మీదున్న దేనికైనా మధ్య రెండు వేళ్లు పట్టాలి. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి ఎక్సలేటర్ తొక్కినప్పుడు, క్లచ్ వదిలినప్పుడు కదులుతుంది. నిలిపినప్పుడు తగలనిది కదిలినప్పుడు తగులుతుంది. పదేళ్లు దాటిన బండి, మౌంట్లు మెత్తబడి ఉంటే ఇంకా ఎక్కువ.

బిగించకముందే ఫ్యాన్ ష్రౌడ్‌ను (ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రాన్ని) కొత్త రేడియేటర్ మీద పెట్టి నాలుగు మూలల చెవులూ సరిగ్గా కూర్చుంటున్నాయా చూడండి. ఒక చెవి కుదరక మెకానిక్ ప్లాస్టిక్ ట్యాగ్‌తో కడతానంటే ఒప్పుకోకండి. ఫ్యాన్ వణికి రెక్కలు కోర్‌ను గీకుతాయి. రేడియేటర్ అడుగునున్న రెండు మొనలు పాత రేడియేటర్ కూర్చున్న రబ్బరు బుష్‌లలోనే దిగాలి. ఆ బుష్‌లు ఎండి పగిలి ఉంటే మార్చండి. రబ్బరు లేకుండా నేరుగా ఇనుము మీద కూర్చున్న రేడియేటర్‌కు గుంతల కుదుపులన్నీ ట్యాంకు అంచుకే తగులుతాయి. ప్లాస్టిక్ ట్యాంకును అల్యూమినియం పళ్లు మడిచి పట్టి ఉంచేది ఆ అంచే.

మూత మీది అంకె అది ఎంత ఒత్తిడి దాకా ఆపుతుందో చెబుతుంది, బార్లలో. 0.9 వద్దు. బండికి కంపెనీ ఇచ్చినది 1.1 అయితే 1.1 రాసిన కొత్త మూత కొనండి, పాతది మళ్లీ పెట్టకండి. 1.1 మూత లోపల మామూలు నీళ్లు 122 డిగ్రీల దాకా మరగవు, 0.9 అయితే సుమారు 119కే మరుగుతాయి. కూలెంట్ కలిపితే రెండు అంకెలూ పైకి జరుగుతాయి. మూడు డిగ్రీలే కదా అనిపిస్తుంది. కానీ తక్కువ ఒత్తిడి మూత ముందే తెరుచుకుని కూలెంట్‌ను సీసాలోకి తోసేస్తుంది, ఏసీ వేసి ట్రాఫిక్‌లో నిలబడ్డ ఎండాకాలపు మధ్యాహ్నం ఆ మూడు డిగ్రీలే అవసరపడతాయి. అలాగని ఇంకా గట్టిదని 1.3 పెట్టొద్దు, పదేళ్ల హోస్‌లు, హీటర్ కోర్ ఆ ఒత్తిడికి తట్టుకోకపోవచ్చు. మెడ లోతూ సరిపోవాలి. మూత ఎక్కించి తిప్పినప్పుడు స్ప్రింగు గట్టిగా అదిమిన భావన రావాలి. లూజుగా తిరిగితే లోపలి రబ్బరు సీటుకు అందట్లేదన్నమాట.

ఇప్పుడు నురుగు పట్టీలు. కొత్తదానికి ఎక్కువున్నవాటి గురించి మీరు అరపేజీ రాశారు, తక్కువైనదాని గురించి ఒక్క వాక్యం. ఆ పట్టీలు అలంకారానికి పెట్టినవి కావు. రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య, రేడియేటర్ అంచుకూ బాడీకీ మధ్య ఉన్న సందులను అవి మూస్తాయి. గాలికి దగ్గరి దారి కావాలి. సందు ఉంటే ఫ్యాన్ ముందు నుంచి చల్లగాలి లాగే బదులు, ఇంజన్ గదిలోని వేడిగాలినే పక్కసందుల్లోంచి ముందుకు తిప్పి మళ్లీ మళ్లీ లాగుతుంది. బండి నడుస్తుంటే ముందుగాలి తోసుకొస్తుంది కాబట్టి తెలియదు. నిలబడితే తెలుస్తుంది. ముందు ఏసీ చల్లదనం తగ్గుతుంది, తర్వాత టెంపరేచర్ సూది పైకి లేస్తుంది. వరంగల్‌లో మే నెలలో ఎండ 44 దాటిన రోజున, కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి మీద బండ్లు బారులు తీరినప్పుడు "కొత్త రేడియేటర్ వేసినా హీటెక్కుతోంది" అనే ఫిర్యాదుకు కారణం చాలాసార్లు ఇదే. రేడియేటర్ బాగానే ఉంటుంది, గాలే దాని గుండా పోదు.

పట్టీలు విడిగా దొరక్కపోతే బెంగ లేదు. స్ప్లిట్ ఏసీ బిగించేవాళ్లు రాగి పైపులకు చుట్టే నల్ల ఇన్సులేషన్ షీటు వెనక జిగురుతో దొరుకుతుంది. 13 మి.మీ. మందం తీసుకుని, పాత రేడియేటర్ మీద పట్టీల జిగురు మచ్చలు ఇంకా ఉంటాయి, ఆ కొలతకే కోసి అతికించండి. మంచం పరుపు స్పాంజి మాత్రం వద్దు. అది నీళ్లు పీల్చి బురద పట్టి, నెలలో చినిగి ఫ్యాన్‌లో పడుతుంది.

రేడియేటర్ బయట ఉన్నప్పుడే కండెన్సర్ వెనక వైపు చూడండి, మళ్లీ ఈ అవకాశం రాదు. ఏనుమాముల మార్కెట్ వైపు పత్తి సీజన్‌లో తిరిగిన బండ్లకు ముందు గ్రిల్ లోపల దూది కంబళిలా పేరుకుంటుంది. రోడ్ల మీద వడ్లు ఆరబోసే రోజుల్లో పొట్టు తోడవుతుంది. రెండూ కలిసి, దాని మీద దుమ్ము పడి, వానకు తడిసి ఎండితే అట్టముక్కే. మెత్తటి బ్రష్‌తో కండెన్సర్ సన్న రేకులు సాగిన వైపే దులపండి, తర్వాత ఇంజన్ వైపు నుంచి బయటికి మామూలు పైపు నీళ్లు పట్టండి. వాషింగ్ సెంటర్ ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే ఆ రేకులు పడుకుంటాయి, దూది ఇంకా లోపలికి దిగుతుంది.

బిగించే ముందు చివరి పరీక్ష ఒత్తిడిది. రేడియేటర్ రిపేర్ షాపుల్లో హోస్ మూతులు మూసి, 15 పీఎస్ఐ గాలి పట్టి నీళ్ల తొట్టిలో ముంచుతారు. పది నిమిషాలు ఉంచమనండి. బుడగలు రాకూడని చోట్లు మూడు: ట్యాంకు అంచు పళ్ల వరుస, నిపిల్స్ మొదలు, డ్రెయిన్ మర. ఈ పని ముందే ఎందుకంటే, లోపల కూలెంట్ రంగు అంటితే అమ్మినవాడు వాపసు తీసుకోడు.

పోయడం గురించి క్లుప్తంగా. బోరు నీళ్లు వద్దు. మా వైపు బోర్ల నీళ్లలోని సున్నం ఇడ్లీ పాత్ర అడుగున తెల్లగా కనిపిస్తుంది కదా, అదే కోర్ సన్న గొట్టాల్లో పేరుకుంటుంది. బ్యాటరీ షాపులో 5 లీటర్ల డిస్టిల్డ్ వాటర్ డబ్బా కొనండి. కూలెంట్ డబ్బా మీద ముందే కలిపినదా, నీళ్లు కలపాల్సినదా చదవండి. ముందే కలిపినదానికి నీళ్లు చేర్చొద్దు. రేడియేటర్ దించినా ఇంజన్ బ్లాక్‌లో కొంత ద్రవం మిగులుతుంది. కాబట్టి లోపల మామూలు నీళ్లతో కడిగితే, మొత్తం సామర్థ్యం ఎన్ని లీటర్లో ఓనర్ మాన్యువల్లో చూసి అందులో సగం చిక్కటి కూలెంట్ ముందు పోయండి. మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. నీళ్లు, కూలెంట్ ముందే బకెట్లో సగం సగం కలిపి పోస్తే, బ్లాక్‌లోని నీళ్లు చేరి మొత్తం పలచబడుతుంది. పాత కూలెంట్‌ను మోరీలో పోయకండి, వాకిట్లో గిన్నెలో వదలకండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు, మేకలు తాగుతాయి, చస్తాయి.

మూత తీసి ఉంచి, హీటర్ నాబ్ పూర్తిగా వేడి వైపు తిప్పి ఇంజన్ స్టార్ట్ చేయండి. మన దగ్గర హీటర్ ఎవరూ వాడరు కాబట్టి కేబుల్ బిగుసుకుని ఉంటుంది, నాబ్ తిరిగినా అక్కడ వాల్వు కదలకపోవచ్చు, చూసుకోండి. మట్టం పడిపోతుంటే నెమ్మదిగా పోస్తూ ఉండండి. 82–88 డిగ్రీల మధ్య థర్మోస్టాట్ (వేడికి తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తెరుచుకోగానే పై హోస్ ఒక్కసారిగా వేడెక్కుతుంది, మూతిలో గుడగుడమని గాలి వస్తుంది. గాలి ఆగాక నింపి మూత పెట్టండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్ నడవనివ్వండి. పై హోస్ కాలుతూ కింది హోస్ చల్లగానే ఉంటే లోపల గాలి ఇరుక్కున్నట్టు, లేదా థర్మోస్టాట్ తెరుచుకోవట్లేదు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మళ్లీ మూత తీసి మట్టం చూడండి. మర్నాడు పొద్దున సీసాలో మట్టం కొంచెం తగ్గడం సహజం, రోజూ తగ్గితే సహజం కాదు.

కాబట్టి వాపసు ఎప్పుడంటే: నిపిల్స్ ఊదుడు పరీక్షలో పోతే, తొట్టిలో బుడగ వస్తే, ష్రౌడ్ చెవులు కూర్చోకపోతే, ఫ్యాన్ వెనక రెండు వేళ్లు పట్టకపోతే, హోస్ మూతులు పాతవాటి లావు కాకుండా ఉంటే. ఇవన్నీ బాగుంటే అవసరమైతే లోహపు ప్లగ్, 1.1 మూత, పట్టీలు పెట్టి బిగించుకోండి. పాత రేడియేటర్‌ను మాత్రం పాత ఇనుము సామాన్లవాడికి అప్పుడే వేయకండి. బుష్‌లు, బ్రాకెట్లు, పట్టీల కొలత అన్నీ దాని మీదే ఉన్నాయి. కొత్తది వంద కిలోమీటర్లు తిరిగి, కింద పరిచిన పేపరు మీద ఒక్క కూలెంట్ మరక పడలేదని చూశాకే కిలోల లెక్కన అమ్మేయండి.